డ్యూటీ వద్దనే హక్కు: సౌదీ ఆసుపత్రుల్లో మతం, మనస్సాక్షి, కార్మిక చట్టం

(రేడియో ప్రసంగ పాఠం)

శ్రోతలందరికీ నమస్కారం, ఆదాబ్, వందనాలు. మూడూ ఎందుకు చెప్పానంటే ఈ రోజు మాట్లాడబోయే విషయం మనలో మూడు మతాల వాళ్ళకీ సంబంధించింది. "ఈ పని చెయ్యడానికి నా మతం ఒప్పుకోదు" అని ఆసుపత్రిలో ఒక నర్సో, ఫార్మసిస్టో, టెక్నీషియనో అంటే ఏమవుతుంది? ఉద్యోగం ఉంటుందా, ఊడుతుందా? అమెరికాలో దీనికి ఒక జవాబుంది. ఇంగ్లండులో ఇంకొకటి. మన దేశంలో మరొకటి. సౌదీలో జవాబు మాత్రం మనం అనుకునే చోట దొరకదు. అది ఎక్కడుందో చూద్దాం.

ముందే చెప్పేస్తున్నాను, నేను వకీలుని కాను, డాక్టర్ని అంతకన్నా కాను. ఆసుపత్రుల్లో డ్యూటీ రోస్టర్లు, జీతాలు, సెలవుల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ పెట్టడం నా పని. ఆ పని వల్ల ఒక విచిత్రం రోజూ కంటబడుతుంది. ప్రతి ఉద్యోగి రికార్డులో పేరు, ఇఖామా నంబరు, దేశం పక్కన మతం అని ఒక గడి ఉంటుంది. అమెరికాలో ఇలాంటి గడి పెడదామంటే కంపెనీ లాయరు పరిగెత్తుకొస్తాడు. ఇక్కడ అది నింపకపోతే జీతాల లెక్కే సరిగ్గా రాదు. పాత రోజుల్లో వచ్చినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఇఖామా పుస్తకం అట్టే ముస్లింలకి ఆకుపచ్చ, మిగతావాళ్ళకి గోధుమ రంగు ఉండేది.

ఆ గడితో సాఫ్ట్‌వేర్‌కి ఏం పనంటారా? చాలా ఉంది. సౌదీ కార్మిక చట్టం 2005లో వచ్చింది, రాయల్ డిక్రీ ఎం/51. దాని 98వ అధికరణం ప్రకారం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటల పని. రంజాన్ నెలలో ముస్లిం ఉద్యోగులకి అది రోజుకి 6, వారానికి 36 గంటలకి తగ్గుతుంది. ముస్లిం ఉద్యోగులకి అని చట్టంలోనే ఉంది. 101వ అధికరణం ప్రకారం ఎవరిచేతా వరసగా 5 గంటలకి మించి పని చేయించకూడదు, మధ్యలో విశ్రాంతికి, నమాజుకి, భోజనానికి అరగంటకి తగ్గకుండా విరామం ఇవ్వాలి. 114వ అధికరణం ప్రకారం రెండేళ్ళు వరసగా పనిచేసిన ముస్లింకి, అంతకు ముందు హజ్ చేసి ఉండకపోతే, సర్వీసులో ఒకసారి 10 నుంచి 15 రోజుల దాకా జీతంతో హజ్ సెలవు. ఇక మక్కా పొలిమేర లోపలికి ముస్లిమేతరులకి ప్రవేశం లేదు కాబట్టి అక్కడి ఆసుపత్రులకి వేసే స్టాఫ్ అంతా ముస్లింలే. మన ప్రభుత్వం ఏటా హజ్ మెడికల్ డ్యూటీకి పంపే డాక్టర్లూ నర్సులూ కూడా అందుకే ముస్లింలై ఉంటారు.

అంటే ఈ దేశంలో మతం ఉద్యోగ చట్టంలో దాక్కుని లేదు. గంటలు, సెలవులు, పోస్టింగు అన్నీ దాన్నిబట్టే నడుస్తాయి. రంజాన్‌లో మన హిందూ, క్రైస్తవ సిస్టర్లు పూర్తి 8 గంటలు చేస్తూ ఆ తగ్గిన రెండు గంటల లోటు పూడుస్తుంటారు. దాని మీద ఏటా కొంచెం గొణుగుడు, కొంచెం ఇఫ్తార్ బిర్యానీ. రెండూ నేను చూశాను, బిర్యానీ రుచి కూడా చూశాను.

సరే, అసలు ప్రశ్నకి వద్దాం. మతాన్ని ఇంత బాహాటంగా లెక్కలోకి తీసుకునే చట్టంలో "నా మతం వల్ల ఈ డ్యూటీ చెయ్యను" అనడానికి ఒక గడి ఉండాలి కదా? లేదు. చట్టంలోనూ లేదు, సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు.

దగ్గర్లో ఉన్నవేమిటో చూద్దాం. 61వ అధికరణం యజమాని బాధ్యతలు చెబుతుంది. ఉద్యోగులని మర్యాదగా చూడాలి, వాళ్ళ గౌరవాన్ని గాని మతాన్ని గాని కించపరిచే మాటా చేతా ఉండకూడదు అని అందులో ఉంది. ఇక్కడ "వాళ్ళ మతం" అన్న మాట గమనించండి. ఇస్లాం అని ప్రత్యేకించి అనలేదు. కాబట్టి మీ దేవుణ్ణి పట్టుకుని సూపర్‌వైజరు ఎగతాళి చేస్తే ఆ అధికరణం పనికొస్తుంది. అయితే అది తిట్టవద్దంటుందే గాని, డ్యూటీ తప్పించమని అనదు. 3వ అధికరణానికి 2019లో సవరణ వచ్చింది. లింగం, వైకల్యం, వయసు, "లేదా మరే రకమైన వివక్షా" లేకుండా అని రాశారు. ఆ చివరి మాటలో మతం ఇముడుతుందని వాదించవచ్చు. కాని ఆ అధికరణం మొదలవడమే పౌరుల హక్కుగా మొదలవుతుంది, మనం పౌరులం కాదు. ఇంకో పక్క 80వ అధికరణం ఉంది, మన గల్ఫ్ వాళ్ళకి బాగా తెలిసిన నంబరు. ఒప్పందంలోని ముఖ్యమైన బాధ్యతలు నెరవేర్చకపోయినా, న్యాయమైన ఆదేశాలు పాటించకపోయినా, సర్వీసు డబ్బు గాని నోటీసు గాని లేకుండా తీసెయ్యవచ్చు. తీసేముందు ఉద్యోగి వాదన చెప్పుకునే అవకాశం మాత్రం ఇవ్వాలి.

ఆసుపత్రి వాళ్ళకి ఇంకో చట్టం కూడా ఉంది, అదీ 2005 నాటిదే, ఆరోగ్య వృత్తుల చట్టం, డిక్రీ ఎం/59. ప్రమాదకరమైన కేసులు, అత్యవసర కేసులు తప్ప మిగతా వాటిలో, ఒప్పుకోదగ్గ వృత్తిపరమైన లేక వ్యక్తిగత కారణాలుంటే రోగికి వైద్యం చెయ్యనని చెప్పవచ్చు అని అందులో ఒక మాట ఉంది. "వ్యక్తిగత కారణాలు" అన్న చోట తలుపు కొంచెం తెరిచినట్టే. కాని అది ఒక రోగిని తీసుకోనని చెప్పడం గురించి. ఫలానా రకం పని నా జాబితాలోంచి శాశ్వతంగా తీసెయ్యమని యజమానిని అడగడం వేరే సంగతి. ఎవరు ఒప్పుకుంటే అది ఒప్పుకోదగ్గ కారణం అవుతుందో కూడా అందులో లేదు. ఆచరణలో ఒప్పుకోవలసింది మీ డిపార్ట్‌మెంట్ హెడ్డే.

మరి ఇంత మత నిష్ఠ ఉన్న దేశంలో ఈ ఖాళీ ఎందుకుంది? నాకు తోచింది చెబుతాను. అమెరికా, ఇంగ్లండులలో ఏ వైద్యం చెయ్యాలో ప్రభుత్వం, వృత్తి సంఘాలు లౌకికంగా నిర్ణయిస్తాయి. ఆ తరవాత ఒక్కొక్క మనిషీ వచ్చి నన్ను మినహాయించండి అని అడుగుతాడు. ఇక్కడ వరస తిరగబడింది. ఆ పని మతానికి సమ్మతమా కాదా అన్నది ముందే, పైనే తేలిపోతుంది. తేలాక కింద ఉన్నవాళ్ళు చెయ్యాల్సిందే.

గర్భస్రావం తీసుకోండి. ఎం/59 చట్టం 22వ అధికరణం ప్రకారం తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప చెయ్యకూడదు. నాలుగు నెలలు నిండకముందు, గర్భం కొనసాగితే తల్లి ఆరోగ్యానికి తీవ్రమైన నష్టమని తేలితే, వైద్య కమిటీ నిర్ణయంతో చెయ్యవచ్చు. అవయవ దానం ధర్మమా కాదా అన్నది 1982లోనే పెద్ద ఉలమాల మండలి తేల్చింది, చెయ్యవచ్చని. గుండె ఆగితే మళ్ళీ ఆడించే ప్రయత్నం మానెయ్యడం, మనం డీఎన్ఆర్ అంటామే, దాని మీద 1988లో 12086 నంబరు ఫత్వా వచ్చింది. ముగ్గురు సమర్థులైన, నమ్మదగిన డాక్టర్లు లాభం లేదంటే మానవచ్చు. హెపారిన్ ఇంజెక్షన్ పంది పేగుల్లోంచి తీస్తారు. దాని మీద కూడా మక్కాలోని ముస్లిం వరల్డ్ లీగ్ ఫిఖ్ కౌన్సిల్ 2003లో తీర్పు చెప్పింది, అవసరానికి వాడవచ్చని. ఇన్ని తేల్చాక ఒక సిస్టరమ్మ లేచి "నా మనస్సు ఒప్పుకోవడం లేదు" అంటే, సూపర్‌వైజరుకి అది మతం మాటలా వినిపించదు, క్రమశిక్షణ తప్పినట్టు వినిపిస్తుంది.

ఇద్దరి సంగతి చెబుతాను. పేర్లు చెప్పను, ఊళ్ళూ విభాగాలూ కొంచెం మార్చాను.

ఒకావిడ హైదరాబాదు పాతబస్తీ అమ్మాయి, బాగా నమాజీ. మగ పేషెంట్లకి కేథెటర్ వెయ్యడం, ఒళ్ళు తుడవడం తనవల్ల కాదని ఆవిడ బాధ. హైదరాబాదులో ఉన్నంతకాలం ఆడవాళ్ళ వార్డులోనే చేసింది. "సౌదీలో అయితే ఈ బాధే ఉండదు" అనుకుని వచ్చింది. వచ్చాక వేసింది మగవాళ్ళ సర్జికల్ వార్డులో. అడిగితే సూపర్‌వైజరు, ఆయనా ముస్లిమే, జరూరత్ సూత్రం చెప్పాడట. అవసరం నిషిద్ధాన్ని అనుమతిస్తుంది, వైద్యంలో ఇది ఎప్పుడో తేలిపోయిన విషయం, మేల్ నర్సు ఉంటే పిలుచుకో, లేకపోతే నువ్వే చెయ్యి, అంతే. "భాయ్, మా మతం దేశంలో మా మతమే చెల్లలేదు" అని ఆవిడ నాతో నవ్వుతూనే అంది గాని, అది నవ్వు కాదు.

రెండో ఆవిడ రాజమండ్రి వైపు నుంచి, పెంతెకొస్తు కుటుంబం. రియాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గైనిక్ థియేటర్. కమిటీ ఒప్పుకున్న గర్భస్రావాలు నెలకి ఒకటి కూడా ఉండేవి కావు, కాని ఉన్నరోజున ఆవిడకి నిద్ర పట్టేది కాదు. ఛార్జ్ నర్సు ఫిలిప్పీన్స్ ఆవిడ, అర్థం చేసుకుంది. ఆ కేసు వచ్చిన రోజు ఇంకో సిస్టర్ వెళ్ళేది, బదులుగా ఈవిడ ఆమె శుక్రవారం నైట్ డ్యూటీలు చేసేది. ఎనిమిది నెలలు ఎవరికీ తెలియకుండా సాఫీగా నడిచింది. ఛార్జ్ నర్సు ఊరెళ్ళిపోయింది. కొత్తావిడ వచ్చి "ఇది ఎక్కడ రాసుంది?" అంది. ఎక్కడా రాసిలేదు. వారంలో వార్నింగ్ లెటర్ వచ్చింది, ఆదేశం ధిక్కరించినందుకు.

అప్పు చేసి వచ్చిన మనిషికి వార్నింగ్ లెటర్ అంటే ఏమిటో ఇంట్లో కూర్చుని వింటున్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఇద్దరు పిల్లలు అమ్మమ్మ దగ్గర. ఆవిడ అన్నయ్య ఫోన్లో "చేసెయ్యమ్మా, పాపం డాక్టరుది, నీది కాదు" అన్నాడు. పాస్టరుగారు "చెయ్యొద్దు" అన్నారు. ఇద్దరిలో ఎవరూ ఇక్కడ లేరు కదా, చెప్పడం సులువే.

చివరికి ఆవిడని నిలబెట్టింది రోస్టరే. చట్టం ఆవిడకి మినహాయింపు ఇవ్వలేదు గాని, 71వ అధికరణం ప్రకారం ఆరోపణ ఏమిటో రాతలో చెప్పకుండా, ఆమె జవాబు విని నమోదు చెయ్యకుండా శిక్ష వెయ్యకూడదు. ఆ జవాబులో మతం గురించి రెండే వాక్యాలు రాసింది. మిగతాదంతా లెక్క. ఎనిమిది నెలల్లో ఎన్ని మార్పిళ్ళు, ఏ తేదీన ఎవరితో, ఒక్కరోజు కూడా థియేటర్ ఖాళీగా లేదు, ఎమర్జెన్సీ వచ్చినప్పుడు ఒక్కసారీ కాదనలేదు. మార్పిళ్ళన్నీ సిస్టంలోనే ఎక్కించారు కాబట్టి ప్రింటవుట్ తీసి జతచేశారు. వార్నింగ్ వెనక్కి తీసుకోలేదు. ఆవిణ్ణి డయాలిసిస్‌కి మార్చారు. ఉద్యోగం నిలిచింది, థియేటర్ అలవెన్సు పోయింది. దీన్ని గెలుపు అనాలో ఓటమి అనాలో మీరే చెప్పండి. నేనైతే గెలుపులోనే వేస్తాను.

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను. అసలు మన నర్సులు ఇంతమంది గల్ఫ్‌లో ఎందుకున్నారు? డబ్బు అంటారు, నిజమే. కాని వెనక ఇంకొకటుంది. సౌదీ కుటుంబాలు చాలాకాలం ఆడపిల్లల్ని నర్సింగ్‌కి పంపడానికి ఇష్టపడలేదు. పరాయి మగవాళ్ళతో కలిసి పని, రాత్రి డ్యూటీలు. ఆ ఖాళీలోకే కేరళ వాళ్ళూ, ఫిలిప్పీన్స్ వాళ్ళూ, మన వాళ్ళూ వచ్చారు. ఇదేదో వాళ్ళ మతం గొడవ అనుకోకండి. మన ఊళ్ళ సంగతి చూడండి. గుంటూరుకి డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చారు, లూథరన్ మిషన్ తరఫున. తరవాత అక్కడ ఆడవాళ్ళకి పెద్ద ఆసుపత్రే వెలిసింది. అలాంటి మిషన్ ఆసుపత్రుల్లో నర్సులుగా చేరినవాళ్ళు ఎక్కువగా క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు, అందులోనూ దళిత కుటుంబాల వాళ్ళు. మిగతా ఇళ్ళల్లో మడి, మైల, పురుడు, రక్తం, పరాయివాళ్ళ మలమూత్రాలు ముట్టుకోవడం. "మన పిల్ల ఆ పని చెయ్యడమేమిటి!" అన్నారు. అంటే మనకీ ఈ పని మీద మతపరమైన అభ్యంతరం ఉండేది. ఒక డ్యూటీ మీద కాదు, మొత్తం వృత్తి మీదే. మన తాతలు దాన్ని కోర్టుకెళ్ళి అడగలేదు, పిల్లల్ని పంపకుండా ఊరుకున్నారు, అంతే తేడా. ఆ పని చేసిపెట్టినవాళ్ళ మనవరాళ్ళే ఇవాళ రియాద్, దమ్మామ్ వార్డుల్లో కనిపిస్తారు.

మన దేశంలో చట్టం ఏమంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామందికి తెలియదు. రాజ్యాంగం 25వ అధికరణం మనస్సాక్షి స్వేచ్ఛ ఇస్తూనే ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం, ఈ మూడింటికీ లోబడి అంది. 1971 నాటి గర్భస్రావ చట్టంలో మినహాయింపు క్లాజు లేదు. పైగా మెడికల్ కౌన్సిల్ 2002 నియమావళిలో దుష్ప్రవర్తన అధ్యాయం చదవండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్, గర్భనిరోధం, సున్తీ, గర్భస్రావం, వీటికి వైద్యపరమైన అవసరం ఉన్నప్పుడు కేవలం మత కారణంతో డాక్టరు నిరాకరించకూడదు, చేతకాకపోతే తప్ప, అని ఉంది. 2023లో కొత్త నియమాలు తెచ్చి వెంటనే పక్కన పెట్టారు కాబట్టి 2002వే నడుస్తున్నాయి. అవి డాక్టర్లకి, నర్సులకి నేరుగా కాదు. అయినా గాలి ఎటు వీస్తోందో తెలుస్తుంది కదా.

సౌదీలో రెండు మూడేళ్ళు చేసి ఇంగ్లండు, ఐర్లండు, అమెరికా వెళ్ళేవాళ్ళు మనలో చాలామంది. వాళ్ళకోసం ఈ ముక్కలు.

ఇంగ్లండులో 1967 గర్భస్రావ చట్టం 4వ సెక్షను, మనస్సాక్షి ఒప్పుకోనివాళ్ళు ఆ వైద్యంలో పాల్గొననక్కర్లేదంటుంది. పాల్గొనడం అంటే ఎంతవరకు? ఒక మెడికల్ సెక్రటరీ ఆ రిఫరల్ ఉత్తరం టైపు చెయ్యనంది. 1988లో హౌస్ ఆఫ్ లార్డ్స్ కుదరదంది, టైపు చెయ్యడం పాల్గొనడం కాదని. 2014 డిసెంబరులో గ్లాస్గో మిడ్‌వైఫ్‌లు ఇద్దరి కేసులో సుప్రీంకోర్టు ఇంకా తేటగా చెప్పింది. చేతులతో స్వయంగా చేసే పనికే మినహాయింపు, పర్యవేక్షణకీ రోస్టర్ వెయ్యడానికీ కాదు. అంటే మన రాజమండ్రి సిస్టర్‌కి అక్కడైతే రక్షణ ఉండేది. ప్రమోషన్ వచ్చి వార్డు కోఆర్డినేటర్ అయితే ఆ మేరకి ఉండదు. ఐర్లండు 2018 చట్టంలో కూడా క్లాజు ఉంది, కాని కాదన్న వెంటనే రోగిని ఇంకొకరికి అప్పగించాలి, అత్యవసరంలో కాదనకూడదు. ఆ దేశం అంతదాకా రావడానికి ముందు 2012 అక్టోబరులో గాల్వే ఆసుపత్రిలో మన పక్క రాష్ట్రం కర్ణాటక అమ్మాయి సవితా హలప్పనవర్ చనిపోయింది. 17 వారాల గర్భం, నిలవదని డాక్టర్లకీ తెలుసు. ఇది క్యాథలిక్ దేశమన్న మాట తనే అన్నానని మిడ్‌వైఫ్ మేనేజరు 2013 విచారణలో ఒప్పుకుంది. మనం సిస్టర్ల వైపు నుంచి మాట్లాడుకుంటున్నాం గాని, మంచం మీద పడుకున్న మనిషి వైపు నుంచి కూడా ఒకసారి చూడాలి. అక్కడ అడ్డుపడింది ఒక నర్సు మనస్సాక్షి కాదు, చట్టంలోనే కూర్చున్న మతం. అందుకే సౌదీ గురించి ఆలోచించినప్పుడల్లా నాకు గాల్వే గుర్తొస్తుంది.

అమెరికాలో రెండు. 1973 నుంచి చర్చ్ సవరణలున్నాయి, ప్రభుత్వ నిధులు తీసుకునే చోట గర్భస్రావం, స్టెరిలైజేషన్ విషయంలో అభ్యంతరం చెప్పినవాళ్ళకి రక్షణగా. చర్చ్ అన్నది సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ ఇంటిపేరు లెండి, గుడికీ దీనికీ సంబంధం లేదు. రెండోది 1964 పౌరహక్కుల చట్టం ఏడవ టైటిల్. యజమాని మత ఆచారానికి సర్దుబాటు చెయ్యాలి, మరీ భారమైతే తప్ప. 1977లో కోర్టు కొద్దిపాటి ఖర్చు కూడా భారమే అన్నట్టు చెప్పింది. 2023 జూన్ 29న గ్రాఫ్ కేసులో, ఆదివారం డ్యూటీ చెయ్యనన్న పోస్ట్‌మ్యాన్ కేసు, సుప్రీంకోర్టు ఆ గీత పైకి జరిపింది. ఆ వ్యాపారాన్నిబట్టి చెప్పుకోదగ్గంత అదనపు ఖర్చు అని యజమానే చూపించాలి. దానివల్ల ఆసుపత్రుల్లో షిఫ్టుల సర్దుబాటు అడగడం మన వాళ్ళకి కొంత తేలికైంది.

సౌదీకి తిరిగి వద్దాం. ఒక వర్గం గురించి చెప్పకపోతే తప్పు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి వచ్చి మంచం పట్టిన ముసలివాళ్ళకి సేవ చేస్తున్న ఆడవాళ్ళున్నారు. చేసేది నర్సు పనే, వీసా మాత్రం ఇంటిపని. కార్మిక చట్టం వాళ్ళకి వర్తించదు, 7వ అధికరణమే బయట పెట్టింది. వాళ్ళకి వేరే నిబంధనలున్నాయి. నేను చెప్పిన 61, 71, 80 నంబర్లు ఏవీ వాళ్ళ విషయంలో పట్టుకుని వాదించకండి. అలాగే ప్రభుత్వ ఆసుపత్రుల్లో కొన్ని ఒప్పందాలు వేరే నియమాల కింద ఉంటాయి, మీది ఏదో ముందు చూసుకోండి.

కార్మిక చట్టం కిందికి వచ్చే సిస్టర్లకి, ఫార్మసిస్టులకి నేను చెప్పేది ఇది. అభ్యంతరం ఏదైనా ఉంటే ఊళ్ళో సంతకం పెట్టకముందే అడగండి. ఏజెంటు "అవన్నీ అక్కడ చూసుకుంటారు మేడమ్" అంటాడు. చూసుకోరు. ఒప్పందంలో స్టాఫ్ నర్స్ అని మాత్రమే ఉంటే ఏ వార్డుకైనా వెయ్యవచ్చు. డయాలిసిస్ అనో, ఆడవాళ్ళ మెడికల్ వార్డు అనో రాయిస్తే 60వ అధికరణం కొంత అండగా ఉంటుంది, ఒప్పుకున్న పనికి పూర్తిగా భిన్నమైన పని మీ రాతపూర్వక అంగీకారం లేకుండా ఇవ్వకూడదని. రాయించేది అరబిక్ వైపు కూడా ఉందో లేదో ఎవరిచేతనైనా చదివించుకోండి, రెండు భాషలకీ తేడా వస్తే చెల్లేది అరబిక్కే. ప్రొబేషన్ 180 రోజుల దాకా ఉండవచ్చు. ఆ రోజుల్లో తీసెయ్యడం వాళ్ళకి సులువు. అలాగని అప్పటిదాకా దాచిపెట్టి 181వ రోజున చెప్పడం కూడా నాకు నచ్చదు. థియేటర్ టేబుల్ దగ్గర చెప్పడం అన్నిటికన్నా చెడ్డది. అక్కడ ఇబ్బంది పడేది మీ సూపర్‌వైజరు కాదు, రోగి.

మార్పిళ్ళు చేసుకుంటే నోటిమాటగా వద్దు. సిస్టంలో ఎక్కించండి, కుదరకపోతే ఈమెయిల్ ఒకటి పెట్టండి. వార్నింగ్ వస్తే ఖాళీ కాగితం మీద గాని, అర్థం కాని అరబిక్ కాగితం మీద గాని సంతకం పెట్టకండి. జవాబు రాతలో ఇవ్వండి. తగాదా ముదిరితే నేరుగా కోర్టుకి వెళ్ళలేరు, ముందు కార్మిక శాఖ సామరస్య పరిష్కారం దగ్గరికి వెళ్ళాలి. వద్దీ అంటారు ఇక్కడ. 21 రోజుల్లో అక్కడ తెగకపోతే లేబర్ కోర్టుకి పంపుతారు. ఉద్యోగం పోయాక 12 నెలలు దాటితే దావా తీసుకోరు. ఊరికి వెళ్ళిపోయి రెండేళ్ళ తరవాత ఫోన్ చేసి "ఇప్పుడేమైనా చెయ్యొచ్చా అన్నా" అని అడిగినవాళ్ళున్నారు.

చివరగా, పోయిన వారం జుబైల్ నుంచి ఒక శ్రోత పంపిన ప్రశ్న. ఐసీయూలో మంగళసూత్రం, మెట్టెలు తియ్యమంటున్నారు, ఇది మా మతాన్ని అవమానించడం కాదా అని. అమ్మా, మీ సూపర్‌వైజరు ఆ మాట నవ్వుతూ, హేళనగా అని ఉంటే 61వ అధికరణం ఉంది. ఇన్ఫెక్షన్ కంట్రోల్ కాగితం చూపించి అందరిచేతా గొలుసులూ ఉంగరాలూ తీయిస్తుంటే మాత్రం ఎక్కడికెళ్ళినా మీ వాదన నిలవడం కష్టం. ఇంగ్లండులో ఎక్సెటర్ ఆసుపత్రి నర్సు షర్లీ చాప్లిన్ మెళ్ళో సిలువ గొలుసు గురించి యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్ళింది. 2013 జనవరి 15న ఆ కోర్టు, విమానాల కంపెనీలో పనిచేసే ఇంకొకావిడ సిలువ ధరించవచ్చంది. నర్సు విషయంలో మాత్రం రోగుల భద్రత ముందు అంది. సూత్రం లాకర్లో పెట్టడం ఇష్టం లేకపోతే, పొడవాటి పసుపుతాడుతో యూనిఫాం లోపలికి ఉండేలా పిన్ను పెట్టుకోవడానికి ఒప్పుకుంటారేమో మీ ఇన్ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్‌ని అడిగి చూడండి. కొన్నిచోట్ల ఒప్పుకున్నారు. మెట్టెలకి ఏ గొడవా లేదు, బూట్లలో ఎవరు చూస్తారు.

సెలవు.